రేడియోకి అందని జవాబు

ముఖ్యమంత్రి వస్తోందన్న కబురు ఉత్తర ధ్రువం దగ్గర మంచు సముద్రం ఒడ్డునున్న మా కంగిక్ ఊరికి సోమవారమే వచ్చింది. ముఖ్యమంత్రి మాత్రం గురువారానికి గానీ రాలేకపోయింది. మధ్యలో పొగమంచు పట్టి విమానాన్ని దిగనివ్వలేదు. ఆ పొగమంచు ఎంత దట్టంగా ఉందో కాప్పిక్‌ని అడగాలి. గుమ్మంలో నిలబడి చెయ్యి చాస్తే ఆ చెయ్యి తనదో పక్కింటాయనదో తేలక, ఎందుకైనా మంచిదని కరచాలనం చేసి లోపలికి వచ్చేశానని చెబుతాడు. కాప్పిక్ చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలినదాంట్లో సగం నమ్మడం మా ఊరి ఆనవాయితీ.

పొగమంచు ఉన్నన్నాళ్ళూ తులుగాక్ ముసలాయన కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. కిటికీలోంచి చూడ్డానికి ఏమీ లేదు. అయినా ఆయన చూసేది బయటికి కాదు. ముఖ్యమంత్రి రేడియోలో కూర్చుని ఊరివాళ్ళ ప్రశ్నలకు జవాబులు చెబుతుందట. ఎవరైనా ఫోన్ చేసి అడగొచ్చట. తులుగాక్ దగ్గర ఒక్క ప్రశ్న ఉంది. నాలుక మీద పెట్టుకుని అటూ ఇటూ దొర్లిస్తున్నాడు.

ఆయన భార్య ఊలిపీకా దక్షిణాదిలో ఉంది. రెండు విమానాలు మారితే గానీ చేరలేని పట్నంలో, ముసలివాళ్ళను చూసుకునే పెద్ద భవంతిలో. తుంటి ఎముక విరిగాక ఆమెను లేపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. పక్కనే నర్సు ఉండాలన్నారు. మతిమరుపు కూడా మొదలైంది. ఊళ్ళో అలాంటి వసతి లేదు, పంపక తప్పలేదు. అక్కడివాళ్ళు మంచివాళ్ళే. ఆ మాట ఆమే ఫోన్లో చెబుతుంది. "దుప్పటి కప్పుతారు, మళ్ళీ వచ్చి కప్పుతారు. నాతో ఏదో మాట్లాడతారు. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. నవ్వుతాను. ఇక్కడ చెట్లయ్యా, ఎటు చూసినా చెట్లే. అడ్డం. ఆకాశం చూద్దామంటే కనపడదు."

అసలు ఊళ్ళో వసతి లేదనడం పూర్తి నిజం కాదు. కొండవాలు మీద నీలం గోడల ఇల్లు ఒకటి ఉంది. పెద్దల ఇల్లు. గదులున్నాయి, మంచాలున్నాయి, తలుపుకి తాళం ఉంది. ఊరికి కరెంటిచ్చే యంత్రం తులుగాక్ కంటే ఎక్కువ దగ్గుతుంది. పెద్దల ఇంట్లో హీటర్లన్నీ వెలిగిస్తే బడిలో దీపాలు ఆరిపోతాయి. కొత్త యంత్రం ఓడలో రావాలి. ఓడ ఏడాదికి ఒక్కసారి, సముద్రం గడ్డకట్టకుండా ఉన్న రోజుల్లో వస్తుంది. ఓడలో మేకులు వెయ్యడం మరిచిపోతే మళ్ళీ ఏడాది దాకా గోడ లేవదు. ఈ ఏడాది ఓడలోంచి ఇంటంత పెట్టె ఒకటి దిగింది. దక్షిణాది నుంచి వచ్చిన పనివాళ్ళు దాని చుట్టూ గుడ్డ కట్టుకుని లోపల ఏదో చేస్తున్నారు. అందులో దక్షిణాది ఎండను మూటగట్టి పంపారని కాప్పిక్ అందరికీ చెప్పాడు. అసలు సంగతి ఎవరికీ తెలియదు.

బుధవారం మధ్యాహ్నం కాప్పిక్ వచ్చాడు. బూట్లు దులుపుకుంటూనే మొదలుపెట్టాడు.

"ఏం బావా, ఇంకా బతికే ఉన్నావా? నీ వేట ఈటె, ఆ హార్పూన్, నాకు వస్తుందని రోజూ ఆశపడి చూసుకుంటున్నా."

"నువ్వు పోయాక నీ నాలుకని హార్పూన్‌కి తాడుగా కట్టుకుందామని నేను ఆగాను బావా. చాలా పొడుగుంటుంది. టీ తాగుతావా?"

కాప్పిక్ కనుబొమలు పైకెత్తాడు. ఔననడానికి మా ఊళ్ళో మాట ఖర్చుపెట్టరు. కనుబొమలెత్తితే ఔను, ముక్కు ముడిస్తే కాదు. చలికాలం నోరు తెరిస్తే ఒంట్లో వేడంతా పోతుందని పెద్దలు చేసిన ఏర్పాటది, అని కాప్పిక్ అంటాడు. ఆయన నోరు మాత్రం ఏ కాలంలోనూ మూతపడలేదు.

"ఒక ఏడు చలి గుర్తుందా? కెటిల్‌లోంచి టీ పోస్తే కప్పులో పడకముందే కర్రలా బిగుసుకుపోయింది. నేను దాన్ని ఊతకర్రగా పట్టుకుని ఇంటికి నడిచి, పొయ్యి దగ్గర కరిగించి తాగాను."

"చక్కెర ఎక్కువైందా?"

"చేతి పట్టు దగ్గర కాస్త తియ్యగా ఉంది." కాప్పిక్ టీ గుటకేసి, గొంతు తగ్గించాడు. "అది సరే గానీ. రేపు ఎలా అడుగుతావ్?"

"అడుగుతాను."

"అమ్మా అని మొదలుపెట్టావా, అయిపోయావ్. నోటికి తాడు కట్టేసినట్టే. తల్లిని నిలదీస్తావా? నిలదీయలేవు. ముఖ్యమంత్రి గారూ అను. గట్టిగా అను. టేబుల్ మీద గుద్దు."

"నా గుద్దు రేడియోలో వినపడుతుందా?"

"నువ్వు గుద్దితే టేబులుకే వినపడదు."

సంగతి ఏమిటంటే, తులుగాక్ తల్లి పేరు నివియాక్. ఆమె చనిపోయిన ఏడాదే ఊళ్ళో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకి ఆ పేరే పెట్టారు. పేరు పెట్టారంటే పోయిన మనిషిని మళ్ళీ ఇంట్లోకి పిలిచినట్టే. అప్పటికి తులుగాక్ గడ్డం దట్టంగా ఉన్న వేటగాడు. పసిదాన్ని మోస్తున్న తల్లి ఎదురుపడితే, ఆ తల్లి వీపు మీద, పిల్లల్ని మోసే పెద్ద కోటు టోపీలోంచి తొంగిచూస్తున్న బిడ్డ ముందు వంగి "అమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ పసిది తల్లి, ఆయన కొడుకు. ఆమెకి ఆరేళ్ళున్నప్పుడు ఒకసారి, వసంతపు మంచు మీదికి వేటకు బయల్దేరిన ఆయన ముందు చీమిడి ముక్కుతో, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "కొడుకా, ఇవాళ వెళ్ళకు" అంది. అంతే, మంచు మీద లాగే స్లెడ్జి బండి వెనక్కి తిప్పాడు. ఆ రోజు మంచు పగల్లేదు. పగిలిందనీ, పగుల్లోంచి తిమింగలం లేచి తులుగాక్ కోసం చుట్టూ వెతికిందనీ కాప్పిక్ చెబుతాడు.

ఆ చీమిడి ముక్కు పిల్లే లీటియా నివియాక్. ఇప్పుడు ముఖ్యమంత్రి.

గురువారం పొగమంచు విడింది. విమానం దిగింది. పంచాయతీ ఆఫీసు చివర చిన్న గదిలో ఉంటుంది మా రేడియో. జేపిటీ అనే నడివయసు మనిషి దాన్ని నడుపుతాడు. గదిలో ఒక మైకు, ఒక ఫోను, పల్లీల డబ్బా ఉంటాయి. మధ్యాహ్నానికి ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ రేడియో మోగుతోంది.

"ముఖ్యమంత్రి గారు మన పక్కనే కూర్చున్నారు" అన్నాడు జేపిటీ. "ప్రశ్నలు అడగండి. నా పల్లీలు ఇప్పటికే సగం తినేశారు, తొందరగా అడగండి."

తులుగాక్ ఫోను తిప్పాడు. బిజీ. మళ్ళీ తిప్పాడు. బిజీ. ఈలోగా మొదటి కాల్ వచ్చింది. ఎవరో ముసలావిడ తన మనవరాలికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి పెట్టేసింది. ముఖ్యమంత్రి కూడా చెప్పింది. తరవాతి ఆయన తన ఎర్ర పెట్రోలు డబ్బా ఎవరు తీశారో తనకి తెలుసనీ, సాయంత్రంలోగా మెట్ల మీద పెడితే ఏమీ అనననీ ఊరందరికీ చెప్పాడు. మూడో ఆవిడ అసలు ప్రశ్న అడిగింది. తాగే నీళ్ళ లారీ వారానికి ఎన్నిసార్లు పాడవుతుందో ముఖ్యమంత్రికి తెలుసా అని.

"తెలుసమ్మా" అంది లీటియా. "ఇంజను పాతది. చెరువు దగ్గర పంపుగది ఇంకా పాతది. పంపుగది వచ్చే వేసవిలో మారుస్తాం. లారీ ఈ ఓడలో రాలేదు. వస్తుందని మీకు చెప్పాను, రాలేదు. నాది తప్పు. వచ్చే ఓడ దాకా ఈ లారీతోనే సర్దుకోవాలి."

తులుగాక్‌కి ఆ మాట నచ్చింది. మా అమ్మ కూడా ఇలాగే, ఉన్నది ఉన్నట్టు చెప్పేది అనుకున్నాడు. అనుకుని ఫోను తిప్పితే ఈసారి మోగింది.

"చెప్పండి, ఎవరు?"

"నేనే. తులుగాక్‌ని." గొంతు సవరించుకున్నాడు. టేబుల్ మీద చెయ్యి పిడికిలి బిగించాడు. "ముఖ్యమంత్రి గారూ..."

"కొడుకా" అంది అవతలి గొంతు, నవ్వుతూ. "నువ్వేనా? నీ దగ్గు తగ్గిందా? చేతికి తొడుగులు వేసుకుంటున్నావా?"

పిడికిలి దానంతటదే విడిపోయింది.

"వేసుకుంటున్నానమ్మా."

"ఏవి? ఆ చిరిగినవేనా?"

"కుట్టుకున్నానమ్మా. నేనే కుట్టుకున్నా. వంకర వచ్చింది." ఊపిరి పీల్చుకున్నాడు. ఊరంతా వింటోందని గుర్తొచ్చింది. ఎలాగో మొదలుపెట్టాడు. "అమ్మా, ఒకటి అడగాలి. కొండవాలు మీద ఆ నీలం ఇల్లు. దాని మెట్ల మీద మంచు నేను ప్రతి చలికాలం ఊడుస్తూనే ఉన్నా. ఎవరూ ఊడవమనలేదు. తెరుస్తారేమో, తెరిచిన రోజు మెట్లు కనపడాలి కదా అని. ఊలిపీకా అక్కడ ఆకాశం కనపడటం లేదంటోంది. నన్ను కూడా ఒక్కోసారి మరిచిపోతోంది. ఊరిని పూర్తిగా మరిచిపోకముందే తనని ఇంటికి తేగలవా? ఈ చలికాలం ఆ నెలల తరబడి చీకటి పడకముందు?"

రేడియోలో ఏమీ రాలేదు.

హీటరు గుయ్‌మంటున్న చప్పుడు వినపడింది. ఎవరో ముక్కు ఎగబీల్చారు. కుర్చీ కిర్రుమంది. జేపిటీ ఒకసారి గొంతు సవరించుకున్నాడు, ఆ గొంతు ఏదోలా ఉంది.

"సరే... సరే మరి" అన్నాడు జేపిటీ. "ఇంకో కాల్ తీసుకుందాం."

ఫోను కట్టయింది. తులుగాక్ ఫోను పెట్టేశాడు. ఆపైన రేడియో కూడా కట్టేశాడు.

అడిగినదానికి జవాబు రాకపోతే మళ్ళీ అడగడం మాలో మర్యాద కాదు. అవతలివాళ్ళు చెప్పలేకపోతున్నారని అర్థం చేసుకుని తప్పుకోవాలి. ఇక తల్లిని రెండోసారి అడగడమనే మాటే లేదు. ఆయనకి కోపం రాలేదు. నీళ్ళ లారీ సంగతి నిక్కచ్చిగా చెప్పిన మనిషి, ఇది చెప్పలేకపోయింది. ఆశ పెట్టి ఊరించకుండా ఊరుకుంది. అదీ ఒక దయే. లేదని చెప్పడానికి నోరు రాక మౌనంగా ఉండిపోయింది, పాపం, అనుకున్నాడు.

ఇక తేలిపోయింది. ఊలిపీకా ఇటు రాలేకపోతే తను అటు వెళ్ళాలి. అటు వెళ్తే తిరిగి రావడం ఉండదు. ఆ వయసులో ఆ చెట్ల మధ్యకి వెళ్ళినవాళ్ళు మంచుగడ్డ మీదికి మళ్ళీ రాలేదు. అయినా ఊలిపీకా పక్కన ఆమెకి అర్థమయ్యే మాటలు మాట్లాడే మనిషి ఒకడుండాలి కదా.

గోడ మీంచి హార్పూన్ దించాడు. స్లెడ్జికి కట్టే తాళ్ళు మడిచి పెట్టాడు. చేపల వల మడుస్తుండగా కాప్పిక్ తోసుకుని వచ్చాడు.

"విన్నాను" అన్నాడు. జోకు లేదు. మొహం ఎర్రగా ఉంది. "ఏం చేస్తున్నావ్ బావా?"

"ఇదిగో, హార్పూన్ నీకు. రోజూ చూసుకుంటున్నావు కదా. స్లెడ్జి కూడా తీసుకో. వల మాత్రం ఆ ఎర్ర డబ్బా పోయినాయనకి ఇద్దాం, వాడికి ఏదో ఒకటి దొరకాలి. నేను ఊలిపీకా దగ్గరికి పోతున్నాను."

కాప్పిక్ హార్పూన్ వైపు చూశాడు. ముట్టుకోలేదు.

"నాకొద్దు. ఎదురుగా ఉండి ఏడిపించడానికి నువ్వు లేకపోతే నాకు హార్పూన్ ఎందుకు?" టోపీ లాక్కున్నాడు. "నా తల్లి పేరేం కాదు ఆవిడది. నేను అడగగలను. ముఖ్యమంత్రి అయితే ఏం, చీమిడి తుడిచింది నేను."

"బావా, వద్దు."

అప్పటికే తలుపు దడాలుమంది.

తులుగాక్ వల మడవడం పూర్తిచేశాడు. టీ కాచుకున్నాడు, తాగలేదు. కాసేపటికి తలుపు మళ్ళీ దడాలుమంది. కాప్పిక్ గుమ్మంలోనే కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఔనందట బావా! ఔనందట!"

"ఎప్పుడు?"

"అప్పుడే! నువ్వడగ్గానే! కనుబొమలెత్తిందట! జేపిటీ కళ్ళారా చూశాడు. గదిలో అందరూ చూశారు. అందరూ ఏడ్చారు. ఎంత ఎత్తిందంటే, ఆ కనుబొమలు నెత్తి దాటి పైకప్పుకి తగిలి, కప్పు ఇంత లేచి..."

"చాలు బావా" అన్నాడు తులుగాక్ మెల్లగా.

"నిజం!"

"నువ్వు నన్ను ఏ రోజూ బాధపెట్టలేదు. ఇప్పుడు కూడా ఓదార్చడానికే చెబుతున్నావని తెలుసు. చాలు."

కాప్పిక్ నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఒక నిజం మోసుకొస్తే దాన్ని దించుకునేవాడు దొరకలేదు. "కప్పు సంగతి తీసెయ్" అన్నాడు బతిమాలుతూ. "కప్పు నేను కలిపాను. కనుబొమలు నేను కలపలేదు. ఒట్టు. నా చేతి మీద ఒట్టు. సరే, కెటిల్ మీద ఒట్టు!"

తులుగాక్ ఆయన భుజం తట్టాడు, చిన్నపిల్లాడిని తట్టినట్టు.

అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తలుపు కొట్టకుండా లోపలికి వచ్చింది లీటియా. మా ఊళ్ళో తలుపు కొట్టేది పోలీసులే. కోటు టోపీ వెనక్కి తోసి, నేల మీద పరిచిన అట్టముక్క పక్కన కూర్చుని, దాని మీద పెట్టి ఉన్న గడ్డకట్టిన పచ్చి చేపలోంచి కత్తితో ముక్క తరుక్కుంది.

"విమానం ఆగి ఉంది, కాస్త తిని పోదామని వచ్చా" అంది నములుతూ. "నీ చేప బాగుంది కొడుకా. కొవ్వు పట్టింది." చుట్టూ చూసింది. మడిచిన తాళ్ళు, దించిన హార్పూన్. "ఏమిటిది? వేటకా?"

తులుగాక్ తాళ్ళను కాలితో పక్కకి జరిపాడు.

"ఊరు వదిలి పోతాడట" అన్నాడు కాప్పిక్. "ఊలిపీకా దగ్గరికి. సామాను పంచేస్తున్నాడు. నాకు హార్పూన్."

లీటియా నమలడం ఆపింది. "నువ్వు అటు పోతే, ఆమె దిగేసరికి విమానం దగ్గర ఎవరుంటారు?"

"ఎవరు దిగేసరికి?" అన్నాడు తులుగాక్.

"ఎవరేమిటి? ఔనని చెప్పాను కదా నీకు."

గదిలో ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. కాప్పిక్ రెండు చేతులూ పైకెత్తి ఇల్లంతా చుట్టి వచ్చాడు. "అదీ! అదీ! వినండి దేశమా! ముఖ్యమంత్రి రేడియోలో మొహం పెట్టి జవాబు చెప్పింది!"

లీటియా చేత్తో నోరు మూసుకుంది. మెడ దాకా ఎర్రబడింది. "నా గొంతు పట్టేసింది" అంది చివరికి. "మెట్లు ఊడుస్తున్నానన్నావు చూడు, అప్పుడు. మాట రాలేదు. మొహం చెప్పేసింది. జేపిటీ కూడా ఏడుస్తున్నాడు. చెప్పేశాననే అనుకున్నాను. అయ్యో కొడుకా."

తులుగాక్ గోడకి ఆనుకున్నాడు.

ఆమె లేచి ఆయన ఫోను తీసి, రేడియోకి తిప్పింది. కాప్పిక్ పరిగెత్తి రేడియో పెట్టాడు.

"జేపిటీ, నేను. నన్ను రేడియోలోకి ఎక్కించు."

"మళ్ళీనా? పల్లీలు అయిపోయాయి."

"ఎక్కించు." గొంతు సవరించుకుంది. ఒకే మాట గదిలోనూ రేడియోలోనూ మోగింది. "తులుగాక్ అడిగినదానికి ఇందాక నేను మొహంతో జవాబు చెప్పాను. జేపిటీ చూశాడు. మిగతావాళ్ళు గోడలకేసి చూస్తుండి ఉంటారు. క్షమించండి. ఇప్పుడు నోటితో చెబుతున్నాను. ఔను. ఆ పెద్ద పెట్టెలో వచ్చింది కరెంటు యంత్రం. నిన్న నడిపి చూశారు, నడిచింది. చీకటి పడకముందు పెద్దల ఇంట్లో రెండు గదులు తెరుస్తాం. నర్సు దొరికింది, సాయం చేసేవాళ్ళు మన ఊరివాళ్ళే. మొదటి గది ఊలిపీకాది. మిగిలిన గదులకి ఇంకా పనివాళ్ళు దొరకలేదు. దొరికే దాకా తెరవలేను. అది కూడా చెబుతున్నాను."

ఆమె ఫోను పెట్టేలోపే బయట ఎవరో మంచు మీద నడిపే స్నోమొబైల్ బండి హారన్ కొట్టారు. ఇంకొకరు అందుకున్నారు. పెట్రోలు డబ్బా పోయినాయన గాల్లోకి తుపాకీ పేల్చాడు. ఊళ్ళో కుక్కలన్నీ లేచాయి.

తులుగాక్ ఏదో అనబోయాడు. థాంక్స్ అనడం ఆయనకి సరిపోలేదు. చేపలో పొట్ట దగ్గరి కొవ్వు ముక్క, అన్నింటికంటే మంచిది, కత్తితో తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తిన్నది. పైలట్ మనిషిని పంపేదాకా తింటూనే కూర్చుంది.

ఊలిపీకా అక్టోబరులో దిగింది. సూర్యుడు ఇంకా మధ్యాహ్నం కాసేపు కొండ మీదికి వచ్చి పోతున్న రోజులు. చక్రాల కుర్చీని విమానం మెట్ల మీంచి దించడానికి ఊరు ఊరంతా వచ్చింది. ఎవరు ఎక్కడ పట్టుకోవాలో తేలక పెద్ద గొడవైంది. కాప్పిక్ అందరికీ ఆజ్ఞలిస్తూ తను మాత్రం ఏమీ పట్టుకోలేదు. ఊలిపీకా ఎవరినీ గుర్తుపట్టినట్టు లేదు. తలెత్తి ఆకాశం చూసింది, అంతే. బండిలో ఎక్కించే దాకా తల దించలేదు.

నీలం ఇంట్లో ఆమె గది సముద్రం వైపు ఉంది. హీటరు వెచ్చగా కాస్తోంది. బడిలో దీపాలు కూడా వెలుగుతూనే ఉన్నాయి, తులుగాక్ రెండుసార్లు బయటికి వెళ్ళి చూసుకుని వచ్చాడు. నర్సు దుప్పటి సర్ది వెళ్ళింది. ఆమె ఊలిపీకాతో ఊలిపీకా భాషలోనే మాట్లాడింది. కాప్పిక్ సముద్రంలో వేటాడిన సీల్ జంతువు మాంసం ముక్కలు పళ్ళెంలో పెట్టి తెచ్చాడు. ఊలిపీకా ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. గదిని, గోడలని, తలుపుని చూసింది. ఆఖర్న మొగుడి మొహం దగ్గర ఆగింది.

"ఇది ఎవరిల్లయ్యా?"

"మనందరిదీ."

"అందరిదీనా." ఇంకో ముక్క తీసుకుంది. కిటికీ వైపు గడ్డంతో చూపించింది. ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న ఇంటి అద్దం, మసకగా ఉంది. "అందరిదీ అయితే ఎవరూ తుడవలేదన్నమాట. ఇంత సముద్రం పెట్టుకుని అద్దం అలా ఉంచుతారా?"

"కొత్తగా తెరిచారే, ఇంకా..."

"సాకులు చెప్పకు. నీకు ఎప్పుడూ సాకులే. చొక్కా చెయ్యి ఉంది కదా, తుడువు."

కాప్పిక్ నవ్వబోయి, ఆమె చూపు తన మీదికి తిరగడం చూసి పళ్ళెంలోకి తల వంచేశాడు. తులుగాక్ కిటికీ దగ్గరికి వెళ్ళి అద్దం మీద ఊదాడు. చొక్కా చేత్తో రుద్దడం మొదలుపెట్టాడు. మసక పోయినకొద్దీ సముద్రం మీద కొత్తగా పట్టిన మంచు, దాని అంచున నల్లటి నీరు, ఇంకా ఆరని ఆకాశం కనపడ్డాయి. వెనక నుంచి ఆమె గొంతు వస్తూనే ఉంది.

"కింద మూల. అది కాదు, ఆ పక్కది. అంత మెల్లగా కాదయ్యా, నీ చేతులకి ఏమైంది? గట్టిగా రుద్దు."

తులుగాక్ గట్టిగా రుద్దాడు.